తడిచెత్త, స్టిక్కర్లు, ఇంకొన్ని తలనొప్పులు

మా అపార్ట్‌మెంట్‌లో తడిచెత్త కంపోస్ట్ చేసే పని నేనే చూస్తాను. పెద్ద ప్లాస్టిక్ కవర్లతో పెద్ద ఇబ్బంది లేదు, చేత్తో తీసేయొచ్చు. నన్ను విసిగించేవి పళ్ల మీద అంటించే బుల్లి స్టిక్కర్లు. తొక్క కుళ్లిపోతుంది, స్టిక్కర్ మాత్రం ఎరువులో మెరుస్తూ తేలుతుంది. ఏరకుండా ముక్కలు చేసే మెషిన్‌లో వేస్తే మరీ ఘోరం. ఒక్క కవరు లెక్కలేనన్ని పీలికలవుతుంది, ఆ తర్వాత ఏ జల్లెడా వాటిని పూర్తిగా పట్టలేదు. అందుకే మా దగ్గర ముందు ఏరడం, ఆ తర్వాతే మెషిన్.

‘కంపోస్టబుల్’ అని రాసున్న సంచులనూ నేను పక్కన పెట్టేస్తాను. యూరప్ ప్రమాణం ఈఎన్ 13432 ప్రకారం 12 వారాల తర్వాత 2 మిల్లీమీటర్ల జల్లెడ మీద వాటి బరువులో 10 శాతానికి మించి మిగలకూడదు. బాగానే ఉంది, కానీ ఆ లెక్క పెద్ద ప్లాంట్లలో ఉండే వేడికి. మా చిన్న కుప్పలో అంత వేడి నిలవదు.

గాజు పెంకు కనిపిస్తే ఇక ఆలోచించను, ఆ డబ్బా మొత్తం వదిలేస్తాను. ఆ ఎరువులో రేపు ఎవరో ఒట్టి చేతులు పెడతారు.

నోటీసులు అంటించి చూశాను, ఎవరూ చదవరు. కవర్లున్న డబ్బాను ఖాళీ చేయకుండా, కారణం రాసిన చీటీ కట్టి గుమ్మం దగ్గరే ఉంచితే మాత్రం పని జరుగుతోంది. కొందరికి కోపం వస్తుంది, రానీండి.