వంటింటి గట్టు మీద గైగర్ మీటర్

విజయవాడ పటమటలో ఫ్లాట్‌లోకి దిగిన వారానికే, ఫోన్లో ఏదో వీడియో చూసి అమ్మ గట్టు మీద చపాతీలు ఒత్తడం మానేసింది. నల్లరాయి రేడియేషన్ చిమ్ముతుందట. "పెంకుటింట్లో ఉన్నన్నాళ్లూ ఈ గోల లేదురా" అంది. వాదించే ఓపిక లేక, రేడియేషన్ కొలిచే చిన్న గైగర్ మీటర్ ఒకటి తెప్పించాను.

మొదటిరోజు దాని చేతిలో బాగా మోసపోయాను. గట్టు మీద పెడితే గంటకు 0.22 మైక్రోసీవర్ట్‌లు. ఒంటికి పడే రేడియేషన్‌ను కొలిచే లెక్క అది. అమ్మ ముఖంలో "చెప్పానా!" మరో నిమిషానికి 0.13. అసలు సంగతేమిటంటే, మీటర్ నిమిషానికి లెక్కపెట్టేది పాతిక టిక్కులే; రేడియేషన్ ఒకసారి తగిలితే ఒక టిక్కు. అంత చిన్న లెక్కలో ఐదారు అటూఇటూ అవడం మామూలే. ఇక చోటుకు పావుగంట పెట్టి సగటు తీశాను. హాలు నడుమ 0.17, గట్టు మీద 0.16, కింద వీధిలో 0.11.

అంటే దొంగ గట్టు కాదు, ఇల్లే! మాది చీమకుర్తి గెలాక్సీ రాయి. గ్రానైటని అమ్ముతారు గానీ నిజానికది గాబ్రో అనే మరో నల్లరాయి జాతి; రేడియేషన్‌కు మూలమైన యురేనియం, థోరియం, పొటాషియం అందులో తక్కువ. ఎర్ర, గులాబీ గ్రానైట్లలో ఎక్కువ. కంకర, ఇసుక, సిమెంటు, బూడిద ఇటుకలు, అన్నిట్లోనూ ఇవి కాస్తో కూస్తో ఉంటాయి. వీధిలో కాళ్లకింద నేలే ప్రధానం. ఇంట్లో నాలుగు గోడలు, పైన ఒక శ్లాబు, కింద ఒక శ్లాబు.

ఆదివారం భవానీ ద్వీపానికి పడవెక్కినప్పుడు మీటర్ తీశాను. పావుగంట నిండకుండానే రేవొచ్చింది గానీ, కృష్ణ నడుమ 0.06 దగ్గరే ఆడింది. నేలలోంచి వచ్చేదాన్ని నీళ్లు ఆపేస్తాయి, మిగిలేది ఎక్కువగా ఆకాశంలోంచి దిగే కాస్మిక్ కిరణాలే. "లోతు చూస్తున్నారా సార్?" అన్నాడు పడవతను.

వీధికీ ఇంటికీ తేడా 0.06. ఏడాదంతా గడప దాటకపోయినా అదనంగా పడేది అర మిల్లీసీవర్ట్, అంటే ఐదొందల మైక్రోసీవర్ట్‌లు. నాన్నకు తీయించిన ఛాతీ సీటీ స్కాన్ ఒక్కదానికే ఏడు మిల్లీసీవర్ట్‌ల దాకా పడుతుంది. ఈ లెక్క విని అమ్మ, "అయితే పడవలో కాపురం అక్కర్లేదన్నమాట" అంది.

రేడాన్ మాత్రం ఈ మీటర్‌కు చిక్కదు. నేలలోంచి, గోడల్లోంచి ఊరే రేడియోధార్మిక వాయువది. మనుషులకు ప్రకృతి నుంచి ఏటా సగటున పడే 2.4 మిల్లీసీవర్ట్‌లలో సగం దానిదే. దానికి ప్లాస్టిక్ ఫిల్మును మూడు నెలలు గదిలో వేలాడదీసి చూడాలి. మాది మూడో అంతస్తు కాబట్టి నేల రేడాన్ బెడద తక్కువ. ఏసీ కోసం రాత్రంతా బిగించిన కిటికీలు మాత్రం పొద్దున్నే తీసేస్తున్నాం.

నిన్న రాత్రి పీట వెతక్కుండా అమ్మ చపాతీలు గట్టు మీదే ఒత్తింది.