వర్చువల్ మెషీన్‌ను ఆపినప్పుడు మెమరీ ఎక్కడ ఉంటుంది?

లినక్స్‌లోని వర్చువలైజేషన్ సదుపాయమైన కేవీఎం మీద నడిచే వర్చువల్ మెషీన్‌ను (గెస్ట్‌ను), దాన్ని నిర్వహించే ‘విర్ష్’ సాధనంలోని ‘సస్పెండ్’ ఆదేశంతో ఆపినప్పుడు దాని ప్రాసెసర్లు మాత్రమే నిలిచిపోతాయి. మెమరీ అంతా హోస్ట్ (దాన్ని నడిపే అసలు కంప్యూటర్) ర్యామ్‌లోనే ఉంటుంది కనుక, ఈలోగా కరెంటు పోతే అదీ పోతుంది. హోస్ట్‌ను రీబూట్ చేయవలసినప్పుడు విర్ష్‌లోని ‘మేనేజ్డ్‌సేవ్’ ఆదేశం వాడడమే మేలని నా అభిప్రాయం. అది గెస్ట్ మెమరీని, ప్రాసెసర్ స్థితిని, పరికరాల స్థితిని డిస్కుపై ఒక ఫైలులో భద్రపరచి మెషీన్‌ను ఆపుతుంది; తరువాత ‘స్టార్ట్’ ఆదేశం ఇస్తే, గెస్ట్ కొత్తగా బూట్ కాకుండా, ఆగిన చోటి నుంచే పని కొనసాగిస్తుంది. అయితే ఈ మధ్యలో గెస్ట్ డిస్కు ఇమేజ్‌ను (గెస్ట్ తన డిస్కుగా వాడే ఫైలును) మరొకచోట తెరిచి మార్చితే, మెమరీలో ఉంచుకున్న ఫైళ్ల సమాచారపు నకలుకూ (ఫైల్‌సిస్టమ్ క్యాష్) డిస్కుకూ పొంతన కుదరక డేటా చెడిపోవచ్చు. గెస్ట్ గడియారం వెనుకబడడం దీనితో పోలిస్తే చిన్న విషయమే. గెస్ట్ లోపల నడుస్తూ హోస్ట్ ఆదేశాలను అమలుచేసే చిన్న ప్రోగ్రామైన గెస్ట్ ఏజెంట్ ఉంటే ‘డొమ్‌టైమ్’ ఆదేశంతో సరిచేయవచ్చు. గడువు మించి అవతలి సర్వర్లు తెంచుకున్న కనెక్షన్లను మాత్రం అప్లికేషన్లే మళ్లీ ఏర్పరచుకోవాలి.