రెండో షాపు మూసేశాక వ్యాపారం పెరిగింది

మాది హనుమకొండ. కుమార్‌పల్లిలో ఇంటి ముందు గదిలోనే పిండివంటల షాపు. సకినాలు, గరిజెలు, మురుకులు, అప్పుడప్పుడు అరిసెలు. సంక్రాంతి ముందు అమెరికాలో పిల్లలున్నవాళ్లు పార్శిళ్ల కోసం ఎగబడతారు. 2021లో కొన్ని ఆర్డర్లు వద్దని చెప్పాల్సి వచ్చింది. చూసినవాళ్లందరిదీ ఒకటే మాట: "ఇంకో షాపు పెట్టరాదూ?"

పెట్టినం, కాజీపేటలో. అడ్వాన్సు, ర్యాకులు, బోర్డు అన్నీ కలిపి లక్షన్నర. ఐదు నెలలకే మూసేశాం. గిరాకీ లేక కాదు, సరుకు లేక. సకినాలంటే నానబెట్టిన బియ్యం పట్టించి, తడిపిండిలో నువ్వులు, ఓమ కలిపి, గుడ్డ మీద వేళ్లతో మెలి తిప్పుతూ చుట్లు చుట్టాలి. చేయి తిరిగిన మా అత్తమ్మ కూడా రోజంతా కూర్చుంటే ఐదారు కిలోలు. ఉన్నది నలుగురం. కాజీపేటకు పంపితే ఇక్కడ డబ్బాలు ఖాళీ, ఇక్కడ నింపితే అక్కడ ఖాళీ. షాపు పెడతామన్న రోజే అత్తమ్మ అడిగింది, "చేతులెక్కడివే?" అని. నేనే వినలేదు.

ఈసారి వంటగది పెంచుదామనుకున్నాం. మా సంఘంలో ఒక అక్క పీఎంఎఫ్‌ఎంఈ గురించి చెప్పింది. చిన్న ఆహార యూనిట్లకు కేంద్రం 2020లో తెచ్చిన పథకం. అప్పటి నిబంధనల్లో ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు సబ్సిడీ. కనీసం 10 శాతం మన చేతి నుంచి పెట్టుకోవాల్సి ఉండేది.

బ్యాంకుకు ధైర్యంగానే పోయిన. మేనేజర్ మేడం స్టేట్‌మెంట్ తిరగేసి, "ఇందులో మీ షాపు అమ్మకాలు ఏవమ్మా?" అన్నది. నోట మాట రాలేదు. క్యూఆర్ కోడ్ మా ఆయన సేవింగ్స్ ఖాతాది. షాపు డబ్బులు, చిట్టీ డబ్బులు, పిల్లల ఫీజులు అన్నీ అందులోనే కలిసిపోయాయి. నూనె డబ్బాలు కొన్న బిల్లు ఒక్కటీ లేదు. నాలుగేళ్లుగా నడుస్తున్న షాపు కాగితం మీద లేనే లేదు!

ఆర్నెల్లు పట్టింది దాన్ని కాగితం మీదికి తేవడానికి. నా పేరున కరెంట్ అకౌంట్, దానికి కొత్త క్యూఆర్, రోజూ రాత్రి పుస్తకంలో లెక్క. చిన్న వ్యాపారాలను కేంద్రం దగ్గర నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు ఒక నెట్ సెంటర్‌లో 1,500 తీసుకున్నారు. అది పూర్తిగా ఉచితమని తర్వాత తెలిసి ఒళ్లు మండింది. అప్పటి నిబంధన ప్రకారం ఏడాది అమ్మకాలు 12 లక్షలు దాటితే ఏటా వంద రూపాయల ఫుడ్ రిజిస్ట్రేషన్ సరిపోదు, లైసెన్సు కావాలి. అదీ తీసుకున్నాం. ఇంటి గ్యాస్ సిలిండర్ మానేసి 19 కిలోల కమర్షియల్‌కు మారాం.

మొత్తం ప్రాజెక్టు 6 లక్షలు: మా వాటా 60 వేలు, లోను 5 లక్షల 40 వేలు, సబ్సిడీ 2 లక్షల 10 వేలు. సబ్సిడీ చేతికొస్తుందనుకుంటే పొరపాటే. అది బ్యాంకులోనే విడిగా ఉంటుంది. మూడేళ్లు కిస్తీలు సరిగ్గా కడితే అప్పులో సర్దుతారు. ఆ మూడేళ్ల టెన్షన్ మాత్రం మనదే.

డబ్బులు రాగానే ఇంటి వెనక రేకుల షెడ్డు వేసి, పిండి కలిపే మిషన్, మురుకుల మిషన్ కొన్నాం. సకినాలకు ఏ మిషనూ కొనలేదు. మురుకులు మిషన్‌కు అప్పగించగానే ఇద్దరి చేతులు సకినాలకు ఖాళీ అయ్యాయి. ఇంకో ఐదుగురిని పెట్టుకున్నాం. కొత్తగా వచ్చినవాళ్లు చుట్టిన సకినం అత్తమ్మ చూశాకే మూకుట్లోకి పోతుంది. చుట్టు విరిగితే మళ్లీ పిండిముద్దే.

కాజీపేటలో ఇప్పుడు మాకు షాపు లేదు. అక్కడి ఒక స్వీట్ షాపాయన రోజు విడిచి రోజు 15 కిలోలు తీసుకుంటాడు. కిలోకు నలభై రూపాయలు తక్కువే మిగులుతుంది. కానీ అద్దె లేదు, కౌంటర్లో మనిషి అక్కర్లేదు. మొన్న ఫోన్ చేసి సంక్రాంతికి విడతకు 30 కిలోలు కావాలన్నాడు. సరేననబోయి ఆగి, ముందు అత్తమ్మను అడిగిన. షెడ్డులో కూర్చున్నవాళ్లను ఒకసారి లెక్కపెట్టుకొని, "ఇరవై అని చెప్పు" అన్నది.