చిత్తుప్రతులు లేని వాగ్గేయకారుడు

ఈ రోజు సెలవు కావడంతో ఉదయమంతా జర్మన్ స్వరకర్త బీథోవెన్ మూడవ సింఫనీ (పెద్ద వాద్యబృందం కోసం రాసిన, కొన్ని భాగాలుగా సాగే రచన) వింటూ గడిపాను. 1803, 1804 సంవత్సరాల్లో ఆయన రాసిన ఈ రచనకు ‘ఎరోయికా’ అని పేరు. 1805 ఏప్రిల్ 7న వియన్నాలో ఇది తొలిసారిగా బహిరంగ సభలో వినిపించింది. వాద్యబృందమంతా కలిసి రెండు దెబ్బలు కొట్టినట్టుగా మొదలుపెట్టగానే చెల్లో వాద్యాలు అసలు వరుసను అందుకుంటాయి. మన స్వరాల్లో చెప్పుకుంటే స, గ, స, మంద్ర పంచమం (కింది స్థాయి ప), మళ్ళీ స, గ, ప, స అంటూ శంకరాభరణ రాగంలా సాగే ఆ వరుస ఆ రాగానికి చెందిన కాకలి నిషాదం (పై ని) మీదుగా దిగి, ఎవరూ ఊహించని విధంగా ఆ రాగంలో లేని కైశికి నిషాదం (కింది ని) మీద ఆగుతుంది. ఎన్నిసార్లు విన్నా ఆ ఒక్క స్వరం దగ్గర నా ఊపిరి ఒక క్షణం నిలుస్తుంది. ఆ తరువాత దాదాపు ఏడు వందల ఆవర్తాల పాటు నడిచే మొదటి భాగంలోని అశాంతికి బీజం అక్కడే పడిందని నా నమ్మకం.

ఈ సింఫనీ ఎలా తయారైందో మనం చాలావరకు తెలుసుకోగలం. బీథోవెన్ తన ఆలోచనలను చిత్తు పుస్తకాల్లో రాసుకునేవాడు, వాటిలో చాలా భాగం నేటికీ భద్రంగా ఉంది. మొదటి భాగాన్ని ఆయన ఎన్ని రకాలుగా రాసి, కొట్టివేసి, తిరిగి రాశాడో పరిశోధకులు పుటలవారీగా చూపించారు. ముఖపత్రం మీద రాయించిన నెపోలియన్ పేరును, అతడు చక్రవర్తిగా ప్రకటించుకున్నాడని తెలిసిన కోపంలో, కాగితం చిరిగేంతగా గీకివేసిన ప్రతి కూడా వియన్నాలో ఉంది. ఆ పుట చిత్రాన్ని ఈ రోజు పెద్దది చేసి చూశాను. అక్షరాలు ఉండవలసిన చోట చిన్న రంధ్రం మిగిలింది.

మధ్యాహ్నం త్యాగరాజు ఖరహరప్రియ రాగంలో కూర్చిన ‘చక్కని రాజ మార్గము’ సాధన చేస్తున్నప్పుడు ఆ పుటే మనసులో మెదిలింది. త్యాగరాజు 1767లో, బీథోవెన్ 1770లో పుట్టారు. ఒకరు తిరువయ్యారులోనూ మరొకరు వియన్నాలోనూ దాదాపు ఒకే కాలంలో నాదోపాసన చేశారు. అయితే త్యాగరాజు సాధించినది మనకు చేరింది గానీ ఆ సాధన జరిగిన తీరు చేరలేదు. ఒకే పాదాన్ని కొద్దికొద్దిగా మార్చి పాడే ఒక్కో రూపాన్ని సంగతి అంటారు. ఈ కృతి పల్లవిలో మొదటి సంగతి ఎంతో నిరాడంబరంగా ఉంటుంది. తరువాతి సంగతుల్లో అదే సాహిత్యం ఒకసారి చివర మెలిక తిరుగుతుంది, ఒకసారి మధ్యలో విప్పారుతుంది, ఆపైన తారస్థాయిని తాకి వస్తుంది. పాడుతూ ఉంటే ఒక గొప్ప మనసు ఒకే వాక్యాన్ని పదేపదే ఆలోచించుకుంటున్న తీరు గొంతులోనే తెలుస్తుంది. బీథోవెన్ చిత్తు పుస్తకాల్లో దాచుకున్న క్రమపరిణామాన్ని త్యాగరాజు సంగతుల రూపంలో కృతిలోనే వినిపించాడని నాకు గట్టిగా అనిపించింది.

అక్కడే ఒక చిక్కు ప్రశ్న ఎదురవుతుంది. ఈ సంగతుల్లో ఆయన పెట్టినవి ఎన్ని, తరువాత గాయకులు చేర్చినవి ఎన్ని? వాలాజాపేట, ఉమయాళ్పురం, తిల్లైస్థానం శిష్య పరంపరలు ఆయన కృతులను వేరువేరు పాఠాంతరాలతో (పాడే తీరులో తేడాలతో) కాపాడుకుంటూ వచ్చాయి. వాలాజాపేట వెంకటరమణ భాగవతార్ వంటి శిష్యులు రాతప్రతులు సిద్ధం చేయకపోయి ఉంటే ఈ మాత్రం కూడా మిగిలేది కాదు. గురువు పాడుతుండగా పక్కన కూర్చుని రాసుకున్న ఆ శిష్యుల చేతిరాతకు సంగీత చరిత్రలో దక్కవలసినంత గౌరవం దక్కలేదన్నది నా అభిప్రాయం. యూరప్ సంగీత చరిత్రను స్వరకర్తల వరుసగా చెప్పినా కొంతవరకు చెల్లుతుంది. మన సంగీత చరిత్రను మాత్రం శిష్యుల పేర్లు వదిలేసి చెప్పడం కుదరదు.

సాయంత్రం సుబ్బరామ దీక్షితులు రచించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ తిరగేశాను. 1904లో ఎట్టయపురంలో, అదీ తెలుగు లిపిలో అచ్చయిన ఈ గ్రంథాన్ని తలచుకుంటే ప్రతిసారీ గర్వం కలుగుతుంది. త్యాగరాజు సమకాలికుడైన వాగ్గేయకారుడు ముత్తుస్వామి దీక్షితుల కృతులను స్వరలిపిలో రాసేటప్పుడు సుబ్బరామ దీక్షితులు కంపితం, నొక్కు, స్ఫురితం, జారు వంటి గమకాలకు, అంటే స్వరాన్ని ఊపి, జార్చి పలికే తీరులకు, ప్రత్యేకమైన గుర్తులు ఏర్పరచి, వాటిని స్వరాల మీద ముద్రింపజేశారు. స్వరం ఏదో చెప్పడంతో ఆగకుండా, అది ఎలా కదలాలో కూడా కాగితం మీద పెట్టడం ఎంతటి సాహసమో పాడే వారికి బాగా తెలుస్తుంది. ఒక పల్లవిని ఆ గుర్తుల ప్రకారమే నెమ్మదిగా పాడి చూశాను. ఈ రోజుల్లో కచేరీల్లో వినిపించే నడక కంటే కుదురుగా, బరువుగా వచ్చింది. ముత్తుస్వామి దీక్షితులకు ఆయన వంశంలోనే ఇటువంటి లేఖకుడు దొరికాడు. త్యాగరాజుకు ఈ స్థాయి స్వరలిపి ఆ కాలంలోనే దొరికి ఉంటే సంగతుల విషయంలో ఇన్ని సందేహాలు ఉండేవి కావు.

రేపటి నుంచి ‘చక్కని రాజ మార్గము’ను వేరువేరు పరంపరల గాయకుల గొంతుల్లో విని, ఏ సంగతి ఎవరి పాఠంలో ఉందో, ఎవరి పాఠంలో లేదో గాయకుల పేర్లతో సహా రాసుకోవాలి. అన్ని పాఠాల్లోనూ కనిపించే సంగతులనే ముందుగా కంఠస్థం చేస్తాను.