టీ మిగిలిపోయింది

ద్వారకానగర్‌లో మా తమ్ముడు సెకండ్‌హ్యాండ్ రేడియాన్ కార్డు (ఏఎండీ కంపెనీ గ్రాఫిక్స్ కార్డు) కొనుక్కొచ్చాడు. కంప్యూటర్‌లో ఉన్నది లైనక్స్ కదా, డ్రైవర్ (కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్) ఎక్కించడానికి ఈ ఉక్కపోతలో రాత్రంతా టెర్మినల్‌లో కమాండ్లు కొడుతూ కుస్తీ తప్పదని ఫ్లాస్కు నిండా టీ పెట్టుకున్నాను. తీరా కార్డు బిగించి స్విచ్ వేస్తే నేరుగా డెస్క్‌టాప్ వచ్చేసింది!

ఈ కార్డులకు కావాల్సిన ఏఎండీజీపీయూ డ్రైవర్, 2015లో వచ్చిన 4.2 వెర్షన్ నుంచీ లైనక్స్ గుండెకాయ లాంటి కెర్నల్‌లోనే ఉంటోంది. గేములు బొమ్మలు గీయడానికి వాడే ఓపెన్‌జీఎల్, వల్కన్ సంగతి మీసా అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ చూసుకుంటుంది. కెర్నల్ మారితే డ్రైవరూ వెంటే వస్తుంది. బయటి నుంచి తెచ్చిపెట్టే క్లోజ్డ్ డ్రైవరైతే (సోర్సు కోడ్ బయటపెట్టనిది) కెర్నల్ మారినప్పుడల్లా దాని మాడ్యూల్, అంటే కెర్నల్‌కు తగిలించే ముక్క, మళ్లీ బిల్డ్ అవ్వాలి. అది తప్పిందా, నల్ల స్క్రీనే. (2022 మేలో పోటీ కంపెనీ ఎన్విడియా కూడా కెర్నల్ మాడ్యూళ్ల సోర్సు బయటపెట్టింది, కానీ ట్యూరింగ్ తరం, ఆ తర్వాతి కార్డులకే. పాత కార్డులకు క్లోజ్డ్ డ్రైవరే గతి.)

"దీనికా అన్నయ్యా ఇంత టెన్షన్ పడ్డావ్?" అంటూ మావాడు అప్పుడే గేమ్ డౌన్‌లోడ్ పెట్టేశాడు.