సబ్‌మెరైన్ మ్యూజియం దాటాను, గుడికి ఇంకా 1.1 కి.మీ.

ఈ ఉదయం 4.1 కి.మీ. పరుగెత్తాను, ఎక్కడా నడవకుండా! ఆరు వారాలుగా 3.2 కి.మీ. దగ్గరే ఆగిపోతున్నాను కాబట్టి ఈ 900 మీటర్లు నాకు చాలా ఎక్కువ. ఆ తర్వాత కుడిపిక్క మళ్ళీ పట్టేసింది. సంతోషం, ఉక్రోషం రెండూ ఒకేసారి వచ్చాయి.

నా దారి విశాఖ ఆర్.కె. బీచ్ కాళీమాత గుడి నుంచి వుడా పార్క్ దాకా వెళ్ళి రావడం. వాచీలో 5.2 కి.మీ. చూపిస్తుంది. పరుగు మొదలుపెట్టి ఇది పదకొండో వారం. ఆయాసం తగ్గింది, మొదటి 2 కి.మీ. 16 నిమిషాల్లోపే అవుతున్నాయి, మోకాళ్ళు బాగున్నాయి.

మిగిలింది పిక్క ఒక్కటే. తిరుగు దారిలో సబ్‌మెరైన్ ఇంకా దూరంగా ఉండగానే మొదలవుతుంది. ముందు మడమకు జానెడు పైన, లోపలివైపు, ఎవరో బొటనవేలితో నొక్కుతున్నట్టు ఉంటుంది. ఇంకో 200 మీటర్లకు అక్కడే గట్టి ముద్ద కడుతుంది. అడుగుల చప్పుడు కూడా మారిపోతుంది: ఎడమకాలు మెత్తగా పడుతుంది, కుడికాలు టప్ టప్ మంటుంది. నిమిషానికి 166 అడుగులు కాస్తా 152 అయిపోతాయి. గుండె వేగం మాత్రం 150 దాటదు, మాట్లాడుతూ పరుగెత్తగలను. వాపు లేదు, ఎముక మీద నొక్కినా నొప్పి లేదు, పావుగంట నడిస్తే పోతుంది.

మొదట రోడ్డు వాలును అనుమానించాను. వెళ్ళేటప్పుడు సముద్రం కుడివైపు, రోడ్డు అటే వాలి ఉంటుంది. దాంతో ఒకరోజు వుడా పార్క్ దగ్గర మొదలుపెట్టి గుడిదాకా వెళ్ళి వెనక్కి తిరిగాను. 3.3 దగ్గర పట్టేసింది. వాలు కాదు.

తర్వాత చెమటలో పోయే ఉప్పును అనుమానించాను. పరుగుకు ముందు 61.4 కిలోలు, తర్వాత 60.7. మన వైజాగ్ ఉక్కలో 40 నిమిషాలకే 700 గ్రాముల చెమట! వారం రోజులు ముందుగా ఎలక్ట్రాల్ తాగి వెళ్ళాను. ఒంటికి హాయిగా ఉంది, ఉక్కపోత రోజుల్లో ఇకపైనా తాగుతాను, కానీ పిక్క 3.2కే పట్టేసింది. షూ మార్చి చూశాను: డెకాత్లాన్ కిప్‌రన్‌తో రెండు పరుగులు, పాత ఆసిక్స్‌తో రెండు. తేడా 100 మీటర్లు కూడా లేదు. మొదటి 5 కి.మీ. చేరకముందే ఎనిమిది వేలు పెట్టి షూ కొనక్కర్లేదని నా గట్టి అభిప్రాయం. పిక్కలకు తొడిగే బిగుతు స్లీవ్‌లూ అంతే. తొడుక్కున్నంతసేపు బాగుంటాయి, బలం మాత్రం ఇవ్వవు.

అసలు సంగతి అక్కడ రోజూ పరుగెత్తే ఒక మాస్టారి వల్ల తెలిసింది. నేను మెట్టు అంచున ఒంటికాలి మీద నిలబడి మడమ ఎత్తుతుంటే చూసి, "మోకాలు వంచి ఎత్తమ్మా, అప్పుడు ఎన్ని వస్తాయో లెక్కపెట్టు" అన్నారు. కాలు నిటారుగా ఉంటే ఎడమకు 21, కుడికి 13. మోకాలు వంచితే ఎడమకు 18, కుడికి తొమ్మిదే! మోకాలు వంచినప్పుడు పై కండరం వదులై, భారమంతా లోపలి సోలియస్ కండరం మీద పడుతుంది. ఎక్కువసేపు పరుగెత్తాలంటే పిక్కలో బాగా కష్టపడేది అదే.

ఇంటికొచ్చి గోడ పరీక్ష కూడా చేశాను. మడమ లేవకుండా మోకాలు గోడకు తగిలేలా, బొటనవేలు ఎంత వెనక్కి పెట్టగలనో టేపుతో కొలిచాను. ఎడమ 10.5 సెం.మీ., కుడి 7. కాలేజీలో ఆ చీలమండే బెణికింది, అప్పట్లో సరిగా పట్టించుకోలేదు. చీలమండ వంగక మడమ ముందే లేచిపోతోందని, ఆ భారమే పిక్క మోస్తోందని నా ఊహ.

మూడు వారాలుగా రోజు విడిచి రోజు, బ్యాగులో 5 కిలోల బియ్యం వేసుకుని, మోకాలు వంచి 3 సెట్లు చేస్తున్నాను. పైకి రెండు సెకన్లు, కిందికి మూడు. కుడి ఇప్పుడు 14. గోడ దగ్గర 8.5. ఈరోజు 4.1. మూడు అంకెలూ కలిసి పెరిగాయి కాబట్టి దారి సరైనదేనని నమ్ముతున్నాను.

అయినా ఒక అనుమానం మిగిలింది. ఈరోజు తెలియకుండానే నెమ్మదించాను, కి.మీ.కు 7:50 బదులు 8:15. ఆ 900 మీటర్లు బలం వల్ల వచ్చాయా, వేగం తగ్గడం వల్ల వచ్చాయా? అందుకే బుధవారం వాచీ చూసుకుంటూ కచ్చితంగా 7:50లో వెళ్తాను. 3.2 దగ్గరే పట్టేస్తే వేగమే కారణం, అప్పుడు గాలోవే పద్ధతిలో నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక మొదలుపెడతాను. దాటితే బియ్యం 8 కిలోలు చేస్తాను. కైలాసగిరి ఎక్కుదామని స్నేహితురాలు పిలుస్తోంది గానీ, గోడ దగ్గర కుడికాలు 10 సెం.మీ. చేరేదాకా ఆ ఎత్తు జోలికి వెళ్ళను. ఈసారి వైజాగ్ నేవీ మారథాన్‌లో 5 కి.మీ.కు పేరు ఇస్తాను. 10 కి.మీ. ఆ తర్వాతి ఏడాదికి.