కుర్స్క్ మ్యాపులో నన్ను మూడుసార్లు గెంటేశారు

కాల్ ఆఫ్ డ్యూటీ యుద్ధపు వీడియో గేమ్‌లో, నిన్న రాత్రి కుర్స్క్ మ్యాపులో, అంటే ఆటలోని ఆ యుద్ధరంగంలో, శత్రువుల చివరి బంకరు కూల్చింది నేనే. ఇంకా వేళ్లు వణుకుతూనే ఉన్నాయి, అందుకే ఇప్పుడే రాస్తున్నాను. ఇదే మ్యాపులో, ఇదే సర్వరులో, పదకొండు రోజుల కిందట మొదలై, మూడు రాత్రుల్లో నన్ను మూడుసార్లు బయటికి గెంటారు. కొత్తగా ఈ ఆటలోకి వచ్చేవాళ్లు నాలాగా అవమానపడకూడదని ఇదంతా చెబుతున్నాను.

ముందు తేలిక సంగతులు. కాల్ ఆఫ్ డ్యూటీకి యునైటెడ్ అఫెన్సివ్ అనే ఎక్స్‌పాన్షన్ ప్యాక్, అంటే అసలు ఆటకు కలిపే అదనపు భాగం, 2004లో వచ్చింది. 2003 నాటి అసలు ఆట కంప్యూటరులో ఉంటేనే ఇది నడుస్తుంది. రెండూ ఎక్కించి, 1.51 ప్యాచ్ వేసుకుంటే ఆ పని అయిపోయినట్టే.

సింగిల్ ప్లేయర్ భాగం మూడు సాయంత్రాల్లో ముగించాను. బెల్జియంలోని బాస్టోన్ మంచులో అమెరికా 101వ ఎయిర్‌బోర్న్ దళపు సైనికుడిగా మొదలుపెట్టి, తర్వాత బ్రిటిష్ సైనికుడిగా బి-17 బాంబరులోనూ సిసిలీలోనూ పోరాడి, చివరికి సోవియట్ల ఎర్రసేనతో కుర్స్క్ మీదుగా ఖార్కోవ్ చేరతాం. బాంబరు ఘట్టాన్ని అందరూ మెచ్చుకుంటారు, నేనూ మెచ్చుకుంటాను. అసలు బి-17లో పది మంది సిబ్బంది, ఎవరి తుపాకీ దగ్గర వాళ్లు ఉండేవారు. ఇక్కడ మాత్రం ఒక్కడే ఈ తుపాకీ నుంచి ఆ తుపాకీకి పరుగెత్తాలి. చరిత్ర ప్రకారం అది తప్పే. అయినా ఇరుకు విమానంలో ఊపిరాడని ఆ భయం నిజంగానే కలుగుతుంది.

ఈ ప్యాక్ మరీ చిన్నదని పెదవి విరిచేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లతో నేను ఏకీభవించను. గంటలు లెక్కపెట్టి ఆటను తూచేవాళ్లు ఖార్కోవ్‌లో ఎదురుదాడిని ఒక్కసారైనా ఎక్కువ కష్టం స్థాయిలో పెట్టి ఆడారా? పరుగు కలిపి ఆటను చెడగొట్టారని ఇంకొందరి ఫిర్యాదు. అసలు ఆటలో పరుగు లేదు, ఇందులో ఉంది, నిజమే. కానీ పరుగెత్తుతున్నంతసేపూ తుపాకీ పేల్చలేం, కాసేపటికే ఆయాసం వచ్చి కాళ్లు నెమ్మదిస్తాయి. గోడ దగ్గర నుంచి గోడ దగ్గరికి వెళ్లేలోపు ఊపిరి సరిపోతుందో లేదో ప్రతిసారీ లెక్క వేసుకోవాలి. పిన్ను లాగిన గ్రనేడును చేతిలోనే కాసేపు ఉంచి, సరిగ్గా అవతలివాడి కాళ్ల దగ్గర పేలేలా విసరడం కూడా ఈ ప్యాక్‌తోనే వచ్చింది. ఈ రెండూ లేకుండా అసలు ఆటకు తిరిగి వెళ్తే నాకు కాళ్లూ చేతులూ కట్టేసినట్టు ఉంటుంది.

ఇక అసలు కథ మల్టీప్లేయరులో ఉంది.

ఇరవై ఏళ్లు దాటిన ఆట కదా, ఒక పాత బృందం సొంతంగా నడుపుకునే సర్వరులో చేరాను. బృందం పేరు చెప్పను. వాళ్లు ఎక్కువగా ఆడేది బేస్ అసాల్ట్. రెండు పక్షాలకూ బంకర్లు ఉంటాయి. ముందు ట్యాంకు గుండ్లతోనో పేలుడు పదార్థాలతోనో బంకరు గోడలు పగలగొట్టాలి, తర్వాత ఎవరో ఒకరు లోపలికి వెళ్లి బాంబు పెట్టాలి. కుర్స్క్ మ్యాపు పెద్ద మైదానం. జీపులు, ట్యాంకులు, మధ్యలో కందకాలు. ట్యాంకు కనబడగానే నా మనసు అటే పోయింది.

మొదటి రాత్రి సోవియట్ ట్యాంకు టీ-34 ఎక్కి, బండి తిప్పబోయి మావాళ్లను ఇద్దరిని తొక్కేశాను. కావాలని చేయలేదు. ఫిరంగి ఉన్న ట్యాంకు తల ఒకవైపు, బండి ఇంకొకవైపు తిరుగుతుంటే చూపు ఎక్కడ ఉంచాలో తెలియలేదు. తెర మీద ఒక్క వాక్యం కనిపించింది, సర్వరు నుంచి తొలగించారని. సరే, తప్పు నాదే అనుకున్నాను.

రెండో రాత్రి ఎవరినీ తొక్కలేదు. కానీ ట్యాంకు ఎక్కడం, ఒంటరిగా శత్రు బంకరు వైపు దూసుకుపోవడం, దగ్గరికి చేరకముందే పేలిపోవడం, ఇదే వరస. ఏ దెబ్బకు పోతున్నానో కూడా అర్థమయ్యేది కాదు. ఎదురుగా ట్యాంకు ఉండదు, గుండు చప్పుడు వినబడదు, ఉన్నట్టుండి బండి మండిపోయేది. మూడు ట్యాంకులు పోగొట్టాక ఓటు పెట్టి గెంటేశారు.

మూడో రాత్రి జరిగింది మాత్రం నేను మరచిపోను. ఆ రోజు ట్యాంకును జాగ్రత్తగా వెనక్కి తీస్తున్నాను, మావాడు ఒకడు పరుగెత్తుకుంటూ వచ్చి చక్రాల పట్టీ కింద పడ్డాడు. సర్వరు పెద్ద అందరూ చదివేలా రాశాడు: "బండి నడపడం రానివాళ్లకు ఇక్కడ పని లేదు. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అంతకుముందు ఆయన నాకు ఒక్కసారి కూడా ఏమీ చెప్పలేదు. ఇంకో ఇద్దరు ఆయనకు వంత పాడారు. నేను సమాధానం టైపు చేస్తున్నాను. "క్షమించండి, వెనక ఎవరూ కనబడ" అనేవరకు వచ్చింది. అక్కడే తెర నల్లబడింది. నా వాక్యం పూర్తికాకుండానే నన్ను బయటపడేశారు. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. నలుగురిలో నోరు మూయించడం ఆటలో జరిగినా బయట జరిగినా ఒకేలా గుచ్చుకుంటుంది.

సర్వర్లు నడిపే పెద్దలకు ఒక మాట చెప్పాలి. ఈ ఆట ఆడేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది మిగిలారు. కొత్తవాడికి రెండు నిమిషాలు కేటాయించి, తుపాకీ దగ్గర ఎవరైనా కూర్చునేదాకా ట్యాంకు కదపకు అని చెబితే మీ సొమ్మేం పోతుంది? మీరూ ఒకరోజు మొదటిసారి ట్యాంకు ఎక్కినవాళ్లే కదా.

నాలుగో రోజు మధ్యాహ్నం, ఆ సర్వరు పెద్ద లేని సమయంలో చేరాను. ఒక పాత ఆటగాడు నా పేరు గుర్తుపట్టాడు. "తమ్ముడూ, ట్యాంకు జోలికి వెళ్లకు. నాలుగు రోజులు కాలినడకన తిరుగు. ట్యాంకులు ఎలా చస్తున్నాయో చూడు" అన్నాడు. నాకు ఉక్రోషం వచ్చింది, అయినా విన్నాను. అన్నా, మీరు ఇది చదువుతుంటే మీకు నా దండాలు.

కందకంలో కూర్చుని చూస్తే గానీ అసలు సంగతి తెలియలేదు. జర్మన్ల వైపు నుంచి ఎలిఫాంట్ అనే భారీ ఫిరంగి బండి వస్తోంది. ఈ పేరు దగ్గర కాస్త ఆగాలి. 1943 జులైలో నిజమైన కుర్స్క్ యుద్ధంలోకి దిగినప్పుడు దాని పేరు ఫెర్డినాండ్. ఎలిఫాంట్ అన్నది తర్వాతి ఏడాది పెట్టిన పేరు. దాదాపు 65 టన్నుల బరువు, 88 మిల్లీమీటర్ల ఫిరంగి, ముందు వైపు గుండ్లు దిగని కవచం. అంత చేసినవాళ్లు దానికి మెషిన్‌గన్ మాత్రం పెట్టలేదు. కుర్స్క్‌లో ఎక్కువ ఫెర్డినాండ్‌లను దెబ్బతీసింది మందుపాతరలు, యంత్రం చెడిపోవడాలే అయినా, దగ్గరికి వచ్చే కాల్బలాన్ని అడ్డుకునే తుపాకీ లేని లోటు అక్కడే బయటపడింది. మిగిలినవాటిని వెనక్కి తెచ్చి బాగుచేసినప్పుడు ఆ మెషిన్‌గన్ అమర్చారు.

ఆటలోనూ అంతే. ఒంటరి ట్యాంకు ముందుకే చూస్తుంది. మావాడు ఒకడు గడ్డిలో పడుకుని, అది తనను దాటి పోయేదాకా కదలలేదు. తర్వాత లేచి, వెనక నుంచి రెండడుగులు వేసి, సంచీ బాంబు పెట్టి మళ్లీ కందకంలోకి దూకాడు. కొద్ది క్షణాల్లో ఎలిఫాంట్ మండింది. రెండో రాత్రి నన్ను చంపింది ఏమిటో అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత వారం రోజులు నేను చేసింది ఇదే. మొదట్లో తొందరపడి లేచి చచ్చేవాణ్ని. ఇంజను చప్పుడు కుడి చెవిలో నుంచి ఎడమ చెవిలోకి మారాక లేవాలి. దానికి ముందు లేస్తే వాడి చూపులో ఉన్నట్టే. ఈ ఒక్క కిటుకు నా అంతట నేను కనిపెట్టినది, ఎవరూ చెప్పలేదు. ఒకే మ్యాపులో ఐదు ట్యాంకులు లేపేసిన రోజు కూడా ఉంది.

ర్యాంకుల సంగతి తెలుసుకోకుండా ఆడకండి. పాయింట్లు వచ్చేకొద్దీ ర్యాంకు పెరుగుతుంది, దాంతో గ్రనేడ్లు, సంచీ బాంబులు ఎక్కువ దొరుకుతాయి. పైకి ఎదిగితే బైనాక్యులరుతో చోటు చూపించి ఫిరంగి దాడి పిలవవచ్చు. మ్యాపు మారితే అంతా మళ్లీ మొదటి నుంచే. అందుకే మొదటి ఐదు నిమిషాలు తుపాకీ పోరులో పాయింట్లు తెచ్చుకోండి, బంకరు గురించి తర్వాత ఆలోచించవచ్చు. జీపులు మాత్రం అసలు ఎక్కకండి. నా లెక్కలో అవి శవపేటికలు.

నిన్న రాత్రి సర్వరు పెద్ద టీ-34 నడుపుతున్నాడు. నేను బండి పక్కన నడిచాను, ముందు గడ్డిలో ఎవరైనా పడుకున్నారేమో చూస్తూ. ఇద్దరు సంచీలతో లేచారు, ఇద్దరినీ కాల్చాను. మూడోవాణ్ని గ్రనేడుతో ఆపాను. పెద్దాయన గుండు మీద గుండు వేసి బంకరు గోడ పగలగొట్టాడు. లోపలికి పరుగెత్తేటప్పుడు ఆయాసం గుమ్మం దగ్గరే వచ్చింది, చివరి నాలుగు అడుగులు నడిచే వెళ్లాను. బాంబు పెట్టి గుమ్మం వైపు తిరిగి కూర్చున్నాను. ఆపడానికి ఒక్కడు వచ్చాడు, వాడి దగ్గర తుపాకీ ఎత్తేంత సమయం లేదు.

బంకరు పేలింది, మ్యాపు గెలిచాం. పెద్దాయన అందరూ చదివేలా రాశాడు: "మంచి పని చేశావు. తర్వాతి మ్యాపులో ట్యాంకు నువ్వు తీసుకో."

ఆ రాత్రి సంగతి మాత్రం ఎత్తలేదు. నేను ఈసారి వాక్యం పూర్తిగా టైపు చేశాను: "వద్దండీ, నడుస్తాను. ఆ రోజు వెనక ఎవరూ కనబడలేదు."

ఆయన జవాబు ఇవ్వలేదు. ఫోయ్ మ్యాపు మొదలైంది.